నెలకో బస్తా బూడిద: మా పెరటి గోడ డైరీ

నవంబరు 2, శనివారం

ఈ నెల మా ఇంటి కరెంటు బిల్లు 200 యూనిట్లు వచ్చింది. బళ్ళో పదో తరగతి పిల్లల చేత చేయించే లెక్కే ఇంటికీ వేసి చూశాను. ఒక యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. మన దేశపు బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. 35 అనుకుంటే యూనిట్‌కి దాదాపు పావుకిలో. మేం వాడేదంతా బొగ్గు కరెంటే అయితే 200 యూనిట్లకు 50 కిలోలు, అంటే సరిగ్గా ఒక సిమెంటు బస్తా. నెలకో బస్తా బూడిద మా ఇంటి లెక్కలో ఎక్కడో పడుతోంది.

ఆ ఎక్కడో మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి కిలోమీటరు దూరంలో ఉంది. ఊరి పేరు రాయను. థర్మల్ కేంద్రం పక్కనున్న ఊళ్ళు చాలావరకు ఇలాగే ఉంటాయి. కేంద్రం తన బూడిదని నీళ్ళతో కలిపి ఒక చెరువులోకి వదులుతుంది. ఎండాకాలం పడమటి గాలి మొదలైతే ఆ బూడిద చెరువు పైపొర ఆరి లేస్తుంది. అమ్మమ్మ నీళ్ళ బిందెల మీద తడిగుడ్డ కప్పుతుంది. మేడ మీద వడియాలు పెట్టడం మానేసి ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తు లేదు. నా చిన్నప్పుడు ఆ ఇంట్లో కిటికీ అంచు మీద వేలితో పేరు రాసుకునేదాన్ని. ఇప్పుడు మా పిన్ని మనవరాలు రాస్తోంది.

మొన్న వానల్లో అమ్మమ్మ వాళ్ళ పెరట్లో పడమటి గోడ పడిపోయింది. ఆరు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల ఎత్తు. బాబాయి ఎర్ర ఇటుక తోలిద్దామన్నాడు. "నాకు మూడు నెలలు టైమివ్వు బాబాయ్, ఇటుకలు నేనే చేస్తా. బూడిదతో" అన్నాను. ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, "వానకి నిలవాలమ్మా, అదొక్కటే" అన్నాడు.

నిలుస్తుందో లేదో అంకెల్లో రాసుకోవడానికే ఈ డైరీ.

నవంబరు 3, ఆదివారం

నాలుగున్నర అంగుళాల గోడ, రెండు మీటర్లకో స్తంభం. మేస్త్రి లెక్క ప్రకారం 550 ఇటుకలు. పగిలేవీ పరీక్షకు పోయేవీ కలిపి 600 అనుకున్నాం. 230 × 110 × 75 మిల్లీమీటర్ల ఇటుక దాదాపు మూడు కిలోలు తూగుతుంది. మొత్తం 1,800 కిలోల సరుకు.

పాళ్ళకు మనవాళ్ళ దారే పట్టాను. విశాఖపట్నంలోని ఇన్‌స్వారెబ్ సంస్థ నుంచి డాక్టర్ భానుమతీదాస్, కాళిదాస్ గార్లు దేశానికి అందించిన పద్ధతి ఫాల్‌-జి. ఫ్లై యాష్, లైమ్, జిప్సం అనే మూడు పేర్లు కలిస్తే వచ్చిన పేరది. ఇందులో బట్టీ ఉండదు, కాల్చే పని లేదు. బూడిదలో గాజులాంటి సిలికా, అల్యూమినా ఉంటాయి. తడి ఉన్నంతకాలం అవి సున్నంతో కలిసి మెల్లగా రాయిలా గట్టిపడతాయి. తొలిరోజుల్లో ఇటుక విడిపోకుండా పట్టి ఉంచేది జిప్సం.

నేను వేసుకున్న పాళ్ళు: బూడిద 60, క్రషర్ డస్ట్ (కంకర మిల్లు రాతిపొడి) 25, సున్నం 10, జిప్సం 5. బరువు ప్రకారమే, తట్టల లెక్కన కాదు.

బూడిద కోసం ఎక్కడికీ పోనక్కర్లేదనుకున్నాను. పక్కింటివాళ్ళు ప్లాటు మెరక చేసుకోవడానికి టిప్పర్లతో బూడిద తోలించారు. అందులో మిగిలిన కుప్ప మా గోడ పక్కనే ఉంది. అడిగితే "ఎంతైనా తీసుకోమ్మా, పోతే చాలు" అన్నారు.

నవంబరు 9

అచ్చు తయారైంది. వెల్డింగ్ షాపులో చేయించాను, అడుగు విడిగా ఊడొచ్చేలా. పిడుగురాళ్ళ సున్నం అని చెప్పి ఒక దుకాణంలో నాలుగు బస్తాలు అమ్మారు. వేరుశనగ పొలాలకు వేసే జిప్సమే తెచ్చాను.

మాస్కు లేకుండా ఎవరూ కలపడానికి వీల్లేదని ముందే చెప్పాను. మామూలు గుడ్డ చాలదు, ఎన్‌-95 ఉండాలి. బూడిద రేణువుల్లో చాలా మట్టుకు కంటికి కనపడనంత సన్నం, అందులో సిలికా ఉంటుంది. సున్నం కళ్ళలో పడితే ఇంకా ప్రమాదం. చేతులకు కొబ్బరినూనె రాసుకుని, పైన రబ్బరు గ్లౌజులు. మేస్త్రి మొదట వద్దన్నాడు. "నలభై ఏళ్ళుగా సున్నంలోనే ఉన్నా టీచరమ్మా" అన్నాడు. ఆయన వేళ్ళ సందుల్లో తెల్లటి పగుళ్ళు చూపించి, అందుకే పెట్టుకోమంటున్నానన్నాను. పెట్టుకున్నాడు.

తడి ఎంత ఉండాలో చెప్పడానికి మేస్త్రి దగ్గర ఒక కొలత ఉంది. పిడికెడు తీసుకుని గట్టిగా నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ళ మధ్యనుంచి నీరు రాకూడదు. ముద్దని రెండుగా విరిస్తే పొడి రాలకుండా విరగాలి. ఆ తడి మీద అచ్చులో మూడు పొరలుగా వేసి, పొరకి ఇరవై పోట్లు దిమ్మిస కర్రతో. సాయంత్రానికి 60 ఇటుకలు. బూడిద రంగులో, అంచులు పదునుగా, వరుసగా పేర్చి ఉంటే చూడముచ్చటగా ఉన్నాయి.

నవంబరు 16

వారం అయింది. ఒక ఇటుక చేతిలోకి తీసుకుని మూల మీద బొటనవేలితో నొక్కాను. మూల ఊడి చేతిలోకి వచ్చింది. ఇంకొకటి తీసుకున్నా అంతే. తడి బిస్కెట్టులా ఉంది. పైన చల్లిన నీళ్ళు తాగేస్తోంది గానీ గట్టిపడటం లేదు.

తప్పు బూడిదదా, సున్నానిదా? రెండూ ఒకేసారి తేలవు కాబట్టి ముందు సున్నాన్ని చూశాను. బడి ల్యాబు నుంచి తెచ్చిన సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం నాలుగు చుక్కలు సున్నం మీద వేశాను. బుసబుస పొంగింది. మంచి సున్నం అలా పొంగదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని అది ఎప్పుడో సుద్ద అయిపోయింది. మేస్త్రి వాసన చూసి, నాలిక చివరన పెట్టుకుని (వద్దని నేను చెప్పేలోపే), "ఇది చచ్చిన సున్నం. నాలిక కొరకటంలేదు" అన్నాడు. ఎంతకాలం నుంచి బస్తాలు విప్పి ఉంచారో ఆ దుకాణంలో.

60 ఇటుకలు పోయాయి. బాధేసింది. పాళ్ళు సరిచూసుకున్నాను, తూకం సరిచూసుకున్నాను, సున్నాన్ని మాత్రం బస్తా మీది పేరు చూసి నమ్మాను.

నవంబరు 17

రాళ్ళ సున్నం తెప్పించాం, కాల్చిన గడ్డలు. ఇనప డ్రమ్ములో నీళ్ళు పోసి గడ్డలు వేస్తే ఒక నిమిషం ఏమీ కాలేదు. తర్వాత లోపల్నుంచి ఉరుము లాంటి చప్పుడు, ఆవిరి, డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత వేడి. పిన్ని మనవరాల్ని ఇరవై అడుగుల దూరంలో నిలబెట్టి చూపించాం. చల్లారాక సన్నటి జల్లెడ పట్టాలి. ఉడకని పలుకు ఒక్కటి ఇటుకలో మిగిలినా, ఆరు నెలల తర్వాత అది ఉబ్బి ఇటుక పైపెచ్చు ఊడగొడుతుంది. ఆమ్లం చుక్క వేశాను. పొంగు లేదు.

మధ్యాహ్నం పక్క మండలంలో ఫ్లై యాష్ ఇటుకల యూనిట్ నడిపే ఆయన దగ్గరికి వెళ్ళాను. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. నా సంచిలోని కుప్ప బూడిదని అరచేతిలో పోసుకుని వేళ్ళతో రాసి చూశాడు.

"ఇది చెరువు బూడిదమ్మా. నీళ్ళు కలిసింది. దీంతో మెరక పోసుకోవచ్చు. ఇటుకకి ఇది ఇసక కిందే లెక్క."

తర్వాత ఆయన బల్కర్‌లో, అంటే మూసిన ట్యాంకరు లారీలో, తెప్పించిన పొడి బూడిద కొంచెం నా చేతిలో పోశాడు. ఆ తేడా నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేనిది. చెరువు బూడిద వేళ్ళ మధ్య గరగరలాడుతుంది. ఇది టాల్కం పౌడరులా జారిపోయింది, అరచేతి గీతల్లోకి దూరి కడిగినా ఓ పట్టాన పోలేదు.

ఇదంతా ఎక్కడ మొదలవుతుందో ఆయన చెప్పిన దాన్ని నాకు తెలిసినదానితో కలిపి రాసుకుంటున్నాను. బాయిలర్లో పొడిచేసిన బొగ్గు కాలినప్పుడు పుట్టే బూడిదలో ఐదో వంతు బరువుగా ఉండి అడుగున పడుతుంది. అది బాటమ్ యాష్. మిగతా నాలుగు వంతులు పొగతో పాటు పైకి పోతాయి. చిమ్నీకి ముందు ఈఎస్‌పీ అనే పెద్ద పెట్టె ఉంటుంది. అందులోని పలకలు కరెంటు ఛార్జితో ఆ రేణువుల్ని పట్టుకుని కిందనున్న గరాటుల్లోకి, అంటే హాపర్లలోకి రాలుస్తాయి. మొదటి వరుస హాపర్లలో ఎక్కువ పడుతుంది, కాస్త ముతక. వెనక వరుసలకు పోయేకొద్దీ సన్నం. ఈ పొడి బూడిదని గాలితో సైలో అనే పెద్ద నిలవ తొట్టిలోకి పంపి, బల్కర్లో నింపితే సిమెంటు ఫ్యాక్టరీకో ఇటుకల యూనిట్‌కో పోతుంది. అలా కాక నీళ్ళు కలిపి చిక్కటి బురద చేసి పైపుల్లో చెరువుకి తోస్తే, అడుగు బూడిద, పై బూడిద ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. చెరువులో పైపు మూతి దగ్గర ముతకది ఆగిపోతుంది, సన్నది దూరంగా పోయి పడుతుంది. తర్వాత ఎవరు ఎక్కడ తవ్వితే వాళ్ళకి ఆ చోటి బూడిద.

"నీళ్ళు కలపకముందు సరుకమ్మా. కలిపాక అది చెరువు" అన్నాడాయన. ఇంటికొచ్చేదాకా ఆ మాటే ఆలోచించుకుంటూ వచ్చాను. బూడిద అంటే ఒకే పదార్థం అనుకుని నేను ఇన్నాళ్ళూ పిల్లలకి పాఠం చెప్పాను.

25 బస్తాల పొడి బూడిద ఇస్తానన్నాడు. లారీ కిరాయి మాదే.

నవంబరు 18

బడిలో రెండు గాజు సీసాలు పెట్టాం. ఒకదాంట్లో చెరువు బూడిద, ఇంకోదాంట్లో పొడి బూడిద, సమానంగా నీళ్ళు. ఊపి బల్ల మీద పెట్టి గడియారం చూశాం. చెరువు బూడిదలో ఎక్కువ భాగం ఒక్క నిమిషంలోనే అడుగున కూర్చుంది. పొడి బూడిద నీళ్ళు పీరియడ్ అయిపోయేసరికి కూడా పాలలాగానే ఉన్నాయి.

చెరువు బూడిద సీసాలో నీటి పైన తెల్లటి మీగడలాంటి తెట్టు కట్టింది. వేలికి అంటించుకుని భూతద్దం కింద పెడితే గుండ్రటి గాజు పూసలు. లోపల బోలు, అందుకే తేలతాయి. వాటిని సెనోస్ఫియర్లు అంటారు. తేలికైన కాంక్రీటుకీ రంగులకీ వాడతారు, మంచి ధర పలుకుతాయి. బొగ్గులోని మట్టి ఆ మంటలో కరిగి, లోపల గాలి బుడగతో సహా గడ్డకడితే ఈ పూసలు పుడతాయి. పిల్లలు భూతద్దం కోసం కొట్టుకున్నారు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

నవంబరు 23

ఈసారి న్యాయంగా పరీక్ష. మంచి సున్నం, అదే జిప్సం, అవే పాళ్ళు, అదే మేస్త్రి. బూడిద ఒక్కటే తేడా. చెరువు బూడిదతో 30 (గుర్తు "చె"), పొడి బూడిదతో 30 (గుర్తు "పొ"). తడిగా ఉండగానే మేకుతో అక్షరం గీశాం.

పొడి బూడిదకి నీళ్ళు తక్కువ పట్టాయి. మేస్త్రి అది ముందే కనిపెట్టాడు. "ఇది జారుతోంది టీచరమ్మా, నీళ్ళు ఆపండి" అన్నాడు. సన్నటి గుండ్రటి రేణువులు ఒకదాని మీద ఒకటి దొర్లుతాయి కాబట్టి అలా జరుగుతుందని చెప్పాను. ఆయన "దొర్లినా దొర్లకపోయినా, చెయ్యికి తెలుస్తుంది" అన్నాడు.

నవంబరు 30

ఏడు రోజులు. "పొ" ఇటుకల్ని గోటితో గీస్తే సన్నటి గీత పడుతోంది, రాలట్లేదు. "చె" గీస్తే పొడి. కొట్టి చూస్తే ఒకటి ఖంగుమంది, ఇంకొకటి దబ్బుమంది. నీడన, తడి గోనె పట్టాల కింద, రోజుకి మూడుసార్లు నీళ్ళు. ఈ పని పిన్ని చూస్తోంది. నేను చెప్పిన టైముకి ఒక్కరోజు కూడా తప్పలేదు.

డిసెంబరు 8

పిన్ని అడిగిన ప్రశ్న: "ఈ గోడ పక్కన తోటకూర వేసుకుంటే తినొచ్చా?"

దీన్ని తేలిగ్గా తీసుకోలేను. బొగ్గులో అతి కొద్దిగా ఉండే ఆర్సెనిక్, సీసం, పాదరసం, క్రోమియం, కాడ్మియం లాంటివి, బొగ్గు కాలిపోయాక బూడిదలో చిక్కబడతాయి. పాదరసం కొంత పొగతో పోతుంది. అడుగున ఏ పొరా పరవని పాత చెరువుల్లో ఏళ్ళ తరబడి నీళ్ళు నిలిస్తే ఇవి మెల్లగా భూమిలోకి దిగుతాయి. థర్మల్ పక్క ఊళ్ళలో బావి నీళ్ళ గురించి భయం ఊరికే పుట్టింది కాదు. సున్నంతో గట్టిపడ్డ ఇటుకలో మాత్రం ఇవి చాలావరకు బిగిసిపోయి ఉంటాయి. నాకు భయం గోడ వల్ల కాదు, పక్కనున్న విడి కుప్ప వల్ల. వాన పడితే అది కరిగి నేరుగా మన మడిలోకే వస్తుంది. కుప్ప మీద టార్పాలిన్ కప్పించాను, చుట్టూ గట్టు వేయించాను. తోటకూర మడిని తూర్పు వైపుకి మార్చమన్నాను. మార్చింది.

డిసెంబరు 21, శనివారం

ఈ రోజు కోసమే నెల రోజులుగా టెన్షన్. ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో తెలిసినవాళ్ళున్నారు. "చె" ఐదు, "పొ" ఐదు ఆటోలో వేసుకుని వెళ్ళాం. మేస్త్రి కూడా వచ్చాడు, ఉతికిన చొక్కా వేసుకుని.

ముందు జల్లెడ. 45 మైక్రాన్ల జల్లెడ మీద నీళ్ళతో కడిగితే మిగిలేది 34 శాతం దాటకూడదని బూడిదకున్న భారత ప్రమాణం, ఐఎస్ 3812 మొదటి భాగం, చెబుతుంది. పొడి బూడిద 27 శాతం మిగిలింది. చెరువు బూడిద 68.

తర్వాత ఇటుక. పైనా కిందా ప్లైవుడ్ ముక్క పెట్టి, మిషన్ కింద పెట్టి, లోడు పెంచుకుంటూ పోతారు. ముల్లు తిరుగుతుంటే ఎవరమూ మాట్లాడలేదు. మొదటి "చె" 80 దగ్గరే పటుక్కుమంది, ఇసక రాలినట్టు రాలింది. ఐదింటి సగటు 86 కిలోన్యూటన్లు. ఇటుక పైముఖం 25,300 చదరపు మిల్లీమీటర్లు కాబట్టి భాగిస్తే చదరపు మిల్లీమీటరుకి 3.4 న్యూటన్లు.

"పొ" పెట్టారు. 100 దాటింది. 150 దాటింది. 190 దగ్గర నేను కళ్ళు మూసుకున్నాను. ఎందుకంటే మేం అనుకున్న 7.5 తరగతి ఇటుక కావాలంటే అక్కడిదాకా నిలవాలి. "ఇంకా పోతోందమ్మా" అన్నాడు మేస్త్రి నెమ్మదిగా. 210 దగ్గర నిలువునా పగిలింది, శుభ్రంగా, రెండు గరాటులు మూతులు కలిపినట్టు. ఐదింటి సగటు 207, అంటే 8.2.

నీటి పరీక్షకి ఇంటి దగ్గర ముందే ఆరబెట్టి, 24 గంటలు నానబెట్టి తూచాం. "పొ" 2.84 కిలోల నుంచి 3.29కి పెరిగింది, 15.8 శాతం. "చె" 2.70 నుంచి 3.32కి, దాదాపు 23 శాతం. ఈ తరగతి ఇటుకకి 20 శాతం దాటకూడదు.

దారిలో టీ తాగుతూ మేస్త్రి అడిగాడు: "మరి ఆ చెరువులో ఉన్నదంతా ఏం చేస్తారు?"

డిసెంబరు 22

ఆయన ప్రశ్నకి జవాబు రాయడానికి కూర్చున్నాను.

1996-97లో దేశంలో థర్మల్ కేంద్రాలు సుమారు 6.9 కోట్ల టన్నుల బూడిద పుట్టించాయి. అందులో వాడకంలోకి వచ్చింది పదో వంతు కూడా లేదు. మిగతాదంతా చెరువులే. 1999 సెప్టెంబరు 14న కేంద్రం మొదటి ఫ్లై యాష్ నోటిఫికేషన్ ఇచ్చింది. థర్మల్‌కి 50 కిలోమీటర్లలోపు పైమట్టితో ఇటుకలు చేసేవాళ్ళు పావు వంతు బూడిద కలపాలని అందులో ఉంది. ఆ దూరాన్ని తర్వాత 100కి, ఆపైన 300కి పెంచారు. 2021-22 నాటికి బూడిద 27 కోట్ల టన్నులు, వాడకం 96 శాతం దగ్గర. అన్నిటికన్నా ఎక్కువ తీసుకునేది సిమెంటు ఫ్యాక్టరీలు. 2021 డిసెంబరు 31 నోటిఫికేషన్ ఇంకా గట్టిగా ఉంది. పుట్టిన బూడిదంతా వాడాలి, మిగిలితే టన్నుకి 1,000 రూపాయల పరిహారం కట్టాలి, పాత చెరువుల్లో పేరుకున్నది కూడా పదేళ్ళలో తీయాలి.

96 శాతం చూసి సంతోషించాల్సిందే. కానీ మా పక్కింటి ప్లాటులో పోసిన మెరక కూడా వాడకం కిందికే వస్తుంది. పైన అడుగు మందాన మట్టి కప్పి తొక్కించకపోతే, చెరువులో బూడిద ఊళ్ళోకి వచ్చినట్టే తప్ప పోయినట్టు కాదు. సిమెంటులో కలిసిన టన్నునీ, విడిగా పోసి వదిలేసిన టన్నునీ ఒకే గడిలో రాయడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

చెరువు కట్టల సంగతి ఇంకోటి. 2020 ఏప్రిల్ 10న మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలీ ప్రాంతంలో బూడిద కట్ట తెగి, బురద పొలాల మీదుగా పోయింది. పిల్లలతో సహా మనుషులు కొట్టుకుపోయారు. అమెరికాలోని టెన్నెసీలో 2008 డిసెంబరు 22న కింగ్‌స్టన్ దగ్గర కట్ట తెగితే 300 ఎకరాలు బూడిద బురద కింద పడ్డాయి. నీళ్ళు కలిపి నిలవ పెట్టిన బూడిద బరువు ఎప్పటికీ ఆ కట్ట మీదే ఉంటుంది.

కాబట్టి మేస్త్రి ప్రశ్నకి నా వంతు చిన్న జవాబు: చెరువు బూడిద గమ్‌గా పనికిరాదు, ఇసకగా పనికొస్తుందేమో. ఇటుకల యూనిట్ ఆయన ఆ మాట ముందే చెప్పాడు, నేనే పట్టించుకోలేదు. క్రషర్ డస్ట్ 25 పాళ్ళలో 10 తీసేసి ఆ స్థానంలో చెరువు బూడిద వేద్దామనుకున్నాను. సున్నంతో కలిసి గట్టిపడే పని పొడి బూడిదది, సందులు నింపే పని చెరువుది.

డిసెంబరు 28, 29

కొత్త పాళ్ళు: పొడి బూడిద 60, క్రషర్ డస్ట్ 15, చెరువు బూడిద 10, సున్నం 10, జిప్సం 5. రెండు రోజుల్లో 190 ఇటుకలు.

డిసెంబరు 30

బళ్ళో ఉండగా పిన్ని ఫోను. రాత్రి వాన. వాయుగుండమట. టార్పాలిన్ ఒక మూల గాలికి లేచిపోయింది. ఆదివారం చేసిన ఇటుకల్లో పై వరుస 38 కరిగి ముద్దలయ్యాయి. అమ్మమ్మ అర్ధరాత్రి లేచి, టార్చి పట్టుకుని, నవారు మంచం ఒకటి అడ్డం పెట్టబట్టి మిగతావి దక్కాయి. ఆవిడకి 81 ఏళ్ళు. కోప్పడదామనుకుని మాట రాక ఊరుకున్నాను.

జనవరి 4, 5

180. టార్పాలిన్ నాలుగు మూలలా ఇసక బస్తాలు.

జనవరి 11, 12

సంక్రాంతి సెలవులు. ఇంటినిండా జనం. అందరూ తలా ఒక చెయ్యి వేశారు, రెండు రోజుల్లో 230. మాస్కులు పదిహేను తెచ్చి ఉంచాను, మాస్కు లేనివాళ్ళకి జల్లెడ పట్టే పని ఇవ్వలేదు. భోగి ముందురోజు ఆఖరి ఇటుక అమ్మమ్మ చేత చేయించాం. అచ్చు ఊడదీశాక ఆవిడ దాని మీద నాలుగు వేళ్ళ ముద్ర వేసింది, పిడకల మీద వేసినట్టు.

ఫిబ్రవరి 8

కొత్త పాళ్ళ ఇటుకల్లో మొదటి దఫావి ఐదు ల్యాబులో ఇచ్చాం. ఆరు వారాల వయసు. సగటు 199 కిలోన్యూటన్లు, అంటే 7.9. చెరువు బూడిద పదో వంతు కలిపినా 7.5 దాటింది. లెక్క ప్రకారం ఈ గోడలో పొడి బూడిద టన్నుకి కొంచెం ఎక్కువ, చెరువు బూడిద దాదాపు 165 కిలోలు.

ఫిబ్రవరి 15, 16

గోడ. ఇటుకలు కట్టేముందు నీళ్ళలో ముంచి తీయాలి, ఎర్ర ఇటుకంత సేపు నానబెట్టనక్కర్లేదు. అంచులు సమంగా ఉండటంతో మాలు తక్కువ పట్టింది. అచ్చులో చేసిన ఇటుకకి వంకరలుండవు కాబట్టి తూకంగుండు వేయడం కూడా సులువైందన్నాడు మేస్త్రి. అమ్మమ్మ వేళ్ళ ముద్ర ఉన్న ఇటుకని నడి స్తంభంలో, కంటి ఎత్తున పెట్టాడు. నేను చెప్పలేదు.

"చె" ఇటుకలు 25 మిగిలాయి. బరువు మోయని చోట వాడాలని బట్టలుతికే రాయి చుట్టూ పరిచి పైన సిమెంటు పూత వేయించాం. మొదటి దఫా చచ్చిన సున్నం ఇటుకల్ని పొడి చేసి, మిగిలిన కుప్పతో కలిపి పక్క ప్లాటు గుంటలో పోసి, పైన అడుగున్నర ఎర్రమట్టి వేసి తొక్కించాం. మట్టి ఖర్చు బాబాయి పెట్టుకున్నాడు.

మే 10

పడమటి గాలి మొదలై వారం. గోడకి ఈ పక్కన రెండు స్టీలు పళ్ళేలు, గోడ లేని దొడ్డి చివర రెండు, నాలుగూ ఒకే ఎత్తులో పెట్టించాను, 24 గంటలు. తడి దూదితో తుడిచి, ఆరబెట్టి, బడి ల్యాబు త్రాసులో తూచాను. దొడ్డి చివరి పళ్ళేల్లో పడినదాంట్లో సగం కన్నా కాస్త తక్కువ గోడ చాటు పళ్ళేల్లో ఉంది. ఒక్కరోజు కొలత ఇది, గాలి దిక్కు మారితే మారుతుంది. నెలాఖరు దాకా రోజూ పెట్టమని పిన్నికి పళ్ళేలు, దూది, పుస్తకం ఇచ్చి వచ్చాను. గోడ ఒకటిన్నర మీటర్లు, దాని పైనుంచి వచ్చేది వస్తూనే ఉంది. చెరువు పైపొరని తడిగా ఉంచడమో, మట్టి కప్పి గడ్డి పెంచడమో చేస్తేనే అది ఆగుతుంది. ఆ సంగతి కొలతలతో సహా పంచాయతీకి రాసి ఇద్దామని బాబాయి అన్నాడు. పిన్ని పుస్తకం నిండాక రాస్తాం.

ఐదు ఇటుకలు గోడలో పెట్టకుండా నీళ్ళ తొట్టిలో వదిలాను. బూడిద, సున్నం తడిలో ఇంకా కలుస్తూనే ఉంటాయి. డిసెంబరులో, ఏడాది నిండాక, మళ్ళీ అదే మిషన్ కింద పెట్టించాలి. మేస్త్రి తొమ్మిది దాటుతుందంటున్నాడు.